చైర్మన్‌ను ఎన్నుకునే చేతులు ఎవరివి?

1987లో పురపాలక ఎన్నికలు జరిగిననాటికి మేము ప్రభుత్వ గుమాస్తాగా చేరి ఎంతో కాలం కాలేదు. పోలింగు విధులకు వెళ్లిన కేంద్రంలో ఓటరు చేతికి రెండు బ్యాలెట్ పత్రాలు అందించేవారము. ఒకటి వార్డు కౌన్సిలరుకు, రెండవది పురపాలక సంఘ అధ్యక్షునికి. రెండు కాగితాలెందుకని అడిగిన ఒక వృద్ధురాలికి, ఒకటి మీ వీధికి, మరొకటి మీ ఊరికి అని చెప్పాము. ఆమె తల ఊపి, ఊరి కాగితాన్ని జాగ్రత్తగా మడిచి ముందుగా పెట్టెలో వేసింది. 1995లోనూ 2000లోనూ ఓటరుకు ఆ రెండు కాగితాలూ అందాయి. 2005 ఎన్నికల నాటికి చట్టం మారింది. ఊరి కాగితం మాయమైంది. వీధి కాగితం మాత్రం మిగిలింది.

నాటి నుండి ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలో ఏ ఓటరూ తన పురపాలక సంఘ అధ్యక్షుని పేరుమీద ముద్ర వేయలేదు. 2014లోనూ, 2021లోనూ ప్రజలు కౌన్సిలర్లను ఎన్నుకున్నారు. కౌన్సిలర్లు ఒక గదిలో సమావేశమై చేతులెత్తి అధ్యక్షుని ఎన్నుకున్నారు. 2021లో మార్చి 10న పోలింగు, మార్చి 18న అధ్యక్షుల ఎన్నిక. 2014లో మరీ విచిత్రం. ప్రజలు మార్చి 30న ఓట్లు వేశారు. అధ్యక్షుల ఎన్నిక జూలైలో గాని జరుగలేదు. ఆ మధ్యకాలంలో రాష్ట్రమంతటా ఏమి జరిగిందో పత్రికలు చదివిన ప్రతివారికీ తెలుసు. గెలిచిన అభ్యర్థులు తమ వార్డులలో కన్నా విడిది గృహాలలో ఎక్కువగా కనిపించారు.

2021 పాలకవర్గాల గడువు అయిదేండ్లు. రాబోయే ఎన్నికలలో కూడా ఇదే పద్ధతి కొనసాగాలా అన్న ప్రశ్నను మన సముదాయం ఇంతవరకు తనదిగా భావించలేదు. మనకు టికెట్లు ఎన్ని, కో-ఆప్షన్ పదవి ఎవరికి అన్న చర్చ మసీదు మెట్ల మీద జరుగుతుంది గాని, అధ్యక్షుని ఎన్నుకునే విధానం న్యాయమైనదేనా అన్న చర్చ జరుగదు. ఈ సంచికలో దానినే తీసుకుంటున్నాము.

పరోక్ష ఎన్నిక అనగానే అన్యాయమని మేము అనబోము. భారత రాష్ట్రపతిని కూడా ప్రజలు నేరుగా ఎన్నుకోరు. రాజ్యాంగ సభలో ప్రొఫెసర్ కె.టి. షా వంటివారు ప్రత్యక్ష ఎన్నిక కోరినా సభ అంగీకరించలేదు. అధికారం మంత్రివర్గానిదైనప్పుడు దేశమంతటా ఓటింగు జరిపి రాష్ట్రపతిని ఎన్నుకోవడం పొంతన లేని పని అని నెహ్రూ ప్రభృతుల వాదన. అయితే పరోక్ష పద్ధతిని ఎంచుకున్న ఆ పెద్దలు దానిని ఎంత జాగ్రత్తగా కట్టారో చూడండి. పార్లమెంటు ఉభయసభలలోనూ, శాసనసభలలోనూ ఎన్నికైన సభ్యులకే ఓటు. నామినేటెడ్ సభ్యులకు లేదు. ప్రతి శాసనసభ్యుని ఓటుకూ అతడు ప్రాతినిధ్యం వహించే జనాభాను బట్టి విలువ. 1971 జనాభా లెక్కల ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 159, తెలంగాణలో 132, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. ఓటు రహస్యం. పార్టీ విప్ చెల్లదు. అందువల్లనే 1969లో అధికార పక్షం అధికారికంగా నిలబెట్టిన నీలం సంజీవరెడ్డి, మన పొరుగున ఉన్న అనంతపురం జిల్లా ఇల్లూరు బిడ్డ, వి.వి. గిరి చేతిలో ఓడిపోగలిగారు. ఇద్దరూ తెలుగువారే కనుక మనవారిలో ఎవరు గెలిచినా సంతోషమే అనుకున్నవారు ఆనాడు ఉండి ఉంటారు. మనం గమనించవలసినది వేరు. ఓటు రహస్యమైతే, విప్ లేకుంటే, పరోక్ష ఎన్నికలో కూడా ఓటరు మనసు కదలగలదు.

ఇక మన పురపాలక సంఘానికి రండి. ఇక్కడ కూడా పరోక్ష ఎన్నికే, పేరు ఒకటే. కాని ఓటు రహస్యం కాదు, చేయెత్తాలి. ఎత్తిన చేతిని పార్టీ చూస్తుంది, అధికారి చూస్తాడు, కాంట్రాక్టరు కూడా చూస్తాడు. గుర్తింపు పొందిన పార్టీ విప్ జారీ చేయవచ్చు. దానిని ధిక్కరించిన కౌన్సిలరు పదవి కోల్పోతాడు. అంటే వార్డు ప్రజలు ఇచ్చిన ఓటును అతడు తన వివేకం మేరకు వాడే వీలు లేదు. అలాంటప్పుడు అతడు చేసేది ఎన్నిక అనడం కంటే హాజరు అనడం సబబు. రాష్ట్రపతిని ఎన్నుకునే శాసనసభ్యుని మనస్సాక్షిని నమ్మిన చట్టం, ఊరి అధ్యక్షుని ఎన్నుకునే కౌన్సిలరు మనస్సాక్షిని ఎందుకు నమ్మదో మాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

అంతటితో కాలేదు. ఆ గదిలో స్థానిక శాసనసభ్యునికి, లోక్‌సభ సభ్యునికి ఎక్స్ అఫీషియో హోదాలో ఓటు ఉంది. కర్నూలు లోక్‌సభ స్థానం పరిధిలో కర్నూలు, ఆదోని, ఎమ్మిగనూరు మూడూ ఉన్నాయి; తన ఓటును ఏ పట్టణంలో వాడుకోవాలో ఎంపీ ఎంచుకుంటారు. ఎక్కడ అవసరమైతే అక్కడకు నడిచి వచ్చే ఓటు అది. బలాబలాలు సమానంగా ఉన్న పట్టణంలో ఇద్దరు ముగ్గురు అతిథుల చేతులే ఊరి అధ్యక్షుని నిర్ణయిస్తాయి. వారికి ఓటు వేసిన జనం ఆ పనికై వేయలేదు.

అదే గదిలో మరొక మూలన మన మనిషి కూడా ఉంటాడు, అల్పసంఖ్యాక వర్గాల కో-ఆప్షన్ సభ్యుడు. మండల పరిషత్తులో ఒకరు, జిల్లా పరిషత్తులో ఇద్దరు, పురపాలక సంఘంలోనూ అటువంటి స్థానాలే. ఆయన మాట్లాడవచ్చు; ఓటు వేయరాదు. ఆ పదవి వచ్చిన రోజున మనవారు పూలదండలు వేసి, ఆటో మీద మైకు కట్టి ఊరేగిస్తారు. ఓటు లేని కుర్చీకి అంత సంబరమా అని మేము చాలాసార్లు లోలోపల అనుకున్నాము. అయినా ఆయనకు ఓటు కావాలని మేము కోరడం లేదు. కారణం సులభం. కో-ఆప్షన్ సభ్యుని ఎంపిక చేసేది కూడా ఆ కౌన్సిల్‌లోని మెజారిటీ పక్షమే. ఆయనకు ఓటిస్తే మనకు ఒక ఓటు పెరగదు, ఆ పక్షానికి మరొక చేయి పెరుగుతుంది. ప్రజలు ఎన్నుకోని వ్యక్తికి అధ్యక్ష ఎన్నికలో ఓటు ఉండరాదన్న సూత్రం సరైనదే. మనకు కావలసినది ఆ గదిలో ఒక కుర్చీ కాదు. గది బయట ఉన్న మన ఇళ్లలోని వేలాది ఓట్లకు విలువ.

ఆ విలువ ఎలా తగ్గుతున్నదో ఒక చిన్న లెక్కతో చూపుతాము. గుమాస్తా అలవాటు, పాఠకులు మన్నించాలి. నలభై వార్డుల పట్టణం ఒకటి ఉన్నదనుకోండి, వార్డుకు 2,500 ఓట్ల వంతున లక్ష ఓట్లు. ఒక పక్షం 21 వార్డులలో 1,300 – 1,200 తేడాతో గట్టెక్కింది. మిగిలిన 19 వార్డులలో 500 – 2,000 తేడాతో చిత్తుగా ఓడింది. ఆ పక్షానికి పట్టణం మొత్తంమీద వచ్చినవి 36,800 ఓట్లు. ఎదుటి పక్షానికి 63,200. అయినా 21 మంది కౌన్సిలర్లు ఉన్నందున అధ్యక్ష పదవి 36,800 ఓట్ల పక్షానిదే. ఇది లెక్క కోసం కల్పించిన ఊరు. కాని ఇటువంటిది ఊహకే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో 2000లో అల్ గోర్‌కు, 2016లో హిల్లరీ క్లింటన్‌కు దేశవ్యాప్తంగా ప్రత్యర్థి కంటే ఎక్కువ ఓట్లు వచ్చినా అధ్యక్ష పదవి దక్కలేదు. అక్కడ కూడా మధ్యలో ఎలక్టర్ల మండలి ఉంది.

మన సముదాయానికి ఈ లెక్క ఎందుకు ముఖ్యమంటే, మనం పట్టణమంతటా సమంగా చల్లినట్లు లేము. ఆదోనిలో గాని, ఎమ్మిగనూరులో గాని పాత ఊరిలో, కొన్ని పేటలలో దగ్గర దగ్గరగా ఉంటాము. మన ఓట్లు కొన్ని వార్డులలో కుప్పపడతాయి. ఒక వార్డులో మనవారు రెండు వేల ఆధిక్యంతో గెలిపించినా వచ్చేది ఒక్క చేయే. పక్కవార్డులో పది ఓట్ల ఆధిక్యంతో గెలిచిన వానికీ అదే చేయి. ఇక వార్డుల హద్దులు గీసే పని ఎవరి చేతిలో ఉన్నదో చెప్పనవసరం లేదు. మేము ఉద్యోగంలో ఉన్న రోజులలో ఒక పట్టణంలో ఒకే వీధి ఎడమ వరుస ఒక వార్డులో, కుడి వరుస మరొక వార్డులో పడింది. ఎదురెదురు ఇళ్లలోని అన్నదమ్ములు వేర్వేరు కౌన్సిలర్ల వద్దకు పోవలసి వచ్చింది. వీధివారు సంతకాలతో ఆక్షేపణ పత్రం ఇచ్చారు. ఆ పత్రం మీద స్వీకరించిన తేదీ ముద్ర వేసినది మేమే. దానికి సమాధానం వెళ్లినట్లు మాత్రం మాకు జ్ఞాపకం లేదు. ప్రత్యక్ష ఎన్నికలో ఈ గీతలకు అధ్యక్ష పదవి విషయంలో బలం ఉండదు. కుప్పపడిన ఓటు కూడా ఓటుగానే లెక్కకు వస్తుంది. ఎడమ వరుస, కుడి వరుస ఒకే పెట్టెలో కలుస్తాయి.

ఈ మాట చెప్పినప్పుడు మన కార్యకర్తలలోనే కొందరు అభ్యంతరం చెబుతారు. వారి మాట తేలికగా తీసివేయదగినది కాదు. "పరోక్ష పద్ధతిలో మన కౌన్సిలర్లు ఆరుగురు ఏడుగురు ఉంటే, వారి అవసరం పార్టీకి పడుతుంది, ఉపాధ్యక్ష పదవి అయినా అడగవచ్చు. ఊరంతా ఓటు వేస్తే ముస్లిం అభ్యర్థి ఎన్నటికైనా గెలుస్తాడా? పైగా ఎన్నిక హిందూ ముస్లిం పోటీగా మారదా?" అని వారి ప్రశ్న.

బేరం సంగతి ముందు చూద్దాం. విప్ లేని రోజులలో అయితే ఆ బేరానికి అర్థం ఉండేది. నేడు పార్టీ గుర్తుపై గెలిచిన మన కౌన్సిలరు అడగగలడే గాని నిరాకరించలేడు. నిరాకరించలేనివాడు అడిగితే దానిని బేరమంటారా, విన్నపమంటారా? ఇక బస్సులలో బళ్లారి మీదుగా ఎక్కడికో తరలించి, ఫోన్లు తీసుకుని, ఎన్నిక రోజు ఉదయం తిరిగి తెచ్చే క్యాంపులలో మన కౌన్సిలర్లు కూడా కూర్చుంటారు. మహిళా కౌన్సిలర్ల సంగతి చెప్పనే అక్కరలేదు. వారి తరఫున భర్తలు బస్సెక్కిన సందర్భాలు ఈ రాష్ట్రంలో ఎవరికీ కొత్త కాదు.

రెండవ అభ్యంతరం నిజంగా బరువైనది. ఊరంతా ఓటు వేసే ఎన్నికలో మతం పేరిట ఓట్లు చీల్చేవారు రాకుండా ఉంటారని మేము హామీ ఇవ్వలేము. అయితే వార్డుల పద్ధతి ఆ చీలికను ఆపుతున్నదా? మన వార్డులలో మనవారే, వారి వార్డులలో వారే నిలబడుతున్నారు. కౌన్సిలరుగా గెలవడానికి ఎవరికీ గోడ దాటవలసిన పని లేదు. ఊరంతటి ఓటు కావలసిన అభ్యర్థికి మాత్రం మన పేట తలుపు తట్టక తప్పదు. మనం గెలిపించలేకపోవచ్చు. కాని మన ఓట్లు లేకుండా గెలవడం కష్టమని తెలిసినవాడు మన పేటలో కొళాయి నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తున్నాయో తెలుసుకుని వస్తాడు. ముస్లిం అభ్యర్థి అయినా ఊరంతటి సమస్యలు చదువుకుని రావాలి. అది అతనికీ మంచిదే. కౌతాళం ఖాదర్‌లింగ స్వామి ఉరుసుకు ఏయే ఇళ్ల నుండి జనం వస్తారో, ఎమ్మిగనూరు నీలకంఠేశ్వర స్వామి జాతరలో ఎవరెవరు అంగళ్లు పెట్టుకుంటారో ఈ ప్రాంతంలో పుట్టినవారికి తెలుసు. అటువంటి జనాన్ని ఒకే ఎన్నికలో కలిపి ఓటడిగితే చీలిపోతారని ముందే తీర్పు చెప్పడం మాకు సమ్మతం కాదు.

పొరుగు దేశం పేరెత్తితే మనవైపు వేలు చూపేవారుంటారు. అయినా ఒక ఉదాహరణ చెప్పక తప్పదు, ఎందుకంటే ఇంతకంటే స్పష్టమైనది మాకు దొరకలేదు. పాకిస్తాన్‌లో అయూబ్ ఖాన్ ప్రజల చేతిలోని ఓటును తీసి 80,000 మంది 'బేసిక్ డెమోక్రాట్ల' చేతిలో పెట్టాడు. 1965 జనవరిలో అధ్యక్ష పదవికి ఆయనపై ఫాతిమా జిన్నా పోటీ చేశారు. సభలకు జనం వెల్లువలా వచ్చారు. కాని ఓటు వేయవలసినది జనం కాదు, ఆ 80,000 మంది. వారికి ప్రభుత్వంతో పనులున్నాయి, భయాలూ ఉన్నాయి. ఆమె ఓడిపోయారు. ఓటర్ల సంఖ్య తగ్గేకొద్దీ వారిని చేరుకోవడం, లొంగదీయడం సులభమవుతుంది. ఎనభై వేల మంది విషయంలోనే అలా జరిగితే, నలభై మంది ఉన్న కౌన్సిల్ గది ఎంత చిన్నదో ఆలోచించండి.

మండల పరిషత్తు, జిల్లా పరిషత్తుల విషయంలో రాష్ట్రం చేయగలిగినది లేదు. 1987లో వాటి అధ్యక్షులను కూడా ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత ఆ స్థాయిలలో ఎన్నికైన సభ్యులే తమలో నుండి అధ్యక్షుని ఎన్నుకోవాలని రాజ్యాంగమే చెబుతున్నది. పురపాలక సంఘాల సంగతి వేరు. అధ్యక్షుని ఎన్నిక పద్ధతిని రాజ్యాంగం రాష్ట్ర శాసనసభకే వదిలింది. శాసనసభ తలచుకుంటే ఒక సవరణతో మార్చవచ్చు. మహారాష్ట్రలో 2016లో నగరాధ్యక్షుని ప్రత్యక్ష ఎన్నిక తెచ్చారు, తర్వాతి ప్రభుత్వం తీసివేసింది, 2022లో మళ్లీ తెచ్చారు. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్‌లలో మేయర్లను ప్రజలే ఎన్నుకుంటున్నారు. మన గ్రామాలలో సర్పంచిని కూడా ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు కదా. ఆదోని చుట్టూ ఉన్న చిన్న పల్లె ఓటరుకు ఉన్న హక్కు ఆదోని పట్టణ ఓటరుకు లేకపోవడానికి కారణమేమిటి?

ప్రభుత్వాలు చెప్పే కారణం ఒకటుంది. అధ్యక్షుడు ఒక పక్షం, కౌన్సిల్ మెజారిటీ మరొక పక్షమైతే పనులు ఆగిపోతాయని. ఆ చిక్కు ప్రత్యక్ష పద్ధతిలో నిజంగానే వస్తుంది, కాదనము. మరి పరోక్ష పద్ధతిలో స్థిరత్వం వచ్చిందా? రాష్ట్రంలో అధికారం మారగానే కౌన్సిళ్లలో చేతులు అటునుండి ఇటు మారడం చూస్తూనే ఉన్నాము. 2025 ఏప్రిల్‌లో విశాఖపట్నం మేయరు అవిశ్వాస తీర్మానంతో పదవి కోల్పోయారు. ఆ నగర ఓటరును ఎవరూ అడగలేదు. ఆమె పదవిలోకి వచ్చినప్పుడూ అడగలేదు, పోయినప్పుడూ అడగలేదు.

ఇంత మాట్లాడి మన ఇంటి సంగతి విడిచిపెడితే పాఠకులు మమ్మల్ని క్షమించరాదు. మన మసీదు కమిటీలలో సదర్ సాబ్‌ను ఎవరు ఎన్నుకుంటున్నారు? చాలాచోట్ల పదిమంది కమిటీ సభ్యులు ఇషా నమాజు తర్వాత కూర్చుని పేరు ప్రకటిస్తారు. ఆ పదిమందిని ఎవరు ఎన్నుకున్నారని అడిగితే, పూర్వపు సదర్ సాబ్ అని జవాబు. జమాత్‌లోని హమాలీకి, దూది మిల్లు కూలీకి, మెకానిక్కుకి ఆ విషయం మరుసటి శుక్రవారం తెలుస్తుంది. పురపాలక సంఘం ముందు మనం అడిగేది మన వాకిట్లో కూడా అడగాలి.

అయితే ఏ పరోక్ష ఎన్నికైనా అసలు ఎన్నిక లేకపోవడం కంటే మేలని వక్ఫ్ బోర్డు ఉదంతం మనకు నేర్పుతున్నది. 1995 చట్టం కింద బోర్డులోని సభ్యులలో కొందరు ముస్లిం ఎంపీలు, శాసనసభ్యులు, బార్ కౌన్సిల్ సభ్యులు, పెద్ద వక్ఫుల ముతవల్లీల నుండి ఎన్నికై వచ్చేవారు. సభ్యులు తమలో ఒకరిని అధ్యక్షునిగా ఎన్నుకునేవారు. ఆ ఎన్నిక కూడా కొద్దిమంది చేతిలోనిదే, దానిని మేమే ఈ పుటలలో విమర్శించాము. 2025 సవరణ ఆ కొద్దిమందిని కూడా తొలగించి, సభ్యులందరినీ రాష్ట్ర ప్రభుత్వమే నియమించేలా మార్చింది. అధ్యక్షుని అవిశ్వాసంతో తొలగించే సెక్షన్ 20-ఏ కూడా ఆ చట్టంలో నుండి పోయింది. ఓటరును దూరం చేసే ప్రయాణం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో దీనిని బట్టి తెలుసుకోవచ్చు.

మా కోరిక ఇది. పురపాలక చట్టాన్ని సవరించి అధ్యక్షుని ప్రత్యక్ష ఎన్నికను తిరిగి తేవాలి. అది రాబోయే ఎన్నికలకు సాధ్యం కాదని ప్రభుత్వం అంటే, కనీసం అధ్యక్ష ఎన్నికలో చేతులెత్తే పద్ధతి పోయి రహస్య ఓటు రావాలి, విప్ తొలగాలి, ఎక్స్ అఫీషియో సభ్యుల ఓటు ఆ ఒక్క ఎన్నికకు వర్తించరాదు. చట్టం మారినా మారకున్నా పార్టీలు చేయగలిగినది ఒకటున్నది: తమ అధ్యక్ష అభ్యర్థి ఎవరో పోలింగుకు ముందే ప్రకటించవచ్చు. కౌన్సిలరు ఓటుకోసం మన తలుపు తట్టినప్పుడు, "నాయనా, గెలిచాక నీ చేయి ఎవరికోసం లేస్తుంది?" అని మన ఇళ్లలోని తల్లులు అడగవచ్చు. జవాబు చెప్పని అభ్యర్థిని గుర్తుపెట్టుకోవచ్చు.

ఈ విషయాలతో ముఖ్యమంత్రికి, పురపాలక శాఖ మంత్రికి పంపదగిన వినతిపత్రం సిద్ధం చేస్తున్నాము. ఆదోని, ఎమ్మిగనూరు పాఠకులు తమ పేటలలో దానిని చదివి వినిపించి సంతకాలు సేకరించగలరు. సంతకాలకు మన పేటలు చాలవు. నేతగాళ్ల వీధులకు, దళితవాడలకు, మార్కెట్ యార్డుకు కూడా తీసుకువెళ్లాలి. ఇది మన ఒక్కరి హక్కు కాదు. సుగ్గికి వెళ్లిన కుటుంబాలు ఊరికి తిరిగి వచ్చాకనే సేకరణ ముగించాలని మా మనవి. వారి పేర్లు ఓటరు జాబితాలో ఉన్నాయో లేవో ఆ సందర్భంలోనే సరిచూడవచ్చు. చదువు రానివారు వేలిముద్ర వేయవచ్చు. పక్కన పేరు, వార్డు సంఖ్య రాస్తే చాలును.